రేకుల షెడ్డు ఆసామి

రేకుల షెడ్డు ఆసామిని గుర్తుపట్టడం తేలిక. ఇంటికి చుట్టాలొస్తే మంచినీళ్ళ కన్నా ముందు షెడ్డు చూపిస్తాడు. నీలం రేకులు, చుట్టూ నిలువెత్తు గోడలు, గేటు మీద కులదైవం పేరుతో డెయిరీ బోర్డు. పాలిచ్చే గేదెలకి ఫ్యాన్లు, కాళ్ళ కింద రబ్బరు చాపలు. దూడలేవంటే పడమటి మూలకి చెయ్యి చూపిస్తాడు. మధ్యాహ్నం మూడింటికి ఎండ కాచేదీ, దాణా బస్తాలు అడ్డంపడి గాలి ఆడనిదీ ఆ మూలే. మూరెడు పలుపుతో కట్టిన ముర్రా దూడ అక్కడ నోరు తెరిచి రొప్పుతుంటే "మహా హుషారు" అని మెచ్చుకుంటాడు. ఇవాళ పాలిచ్చేదానికి నీడ, మూడు నాలుగేళ్ళకి ఇవ్వబోయేదానికి సెగ: ఇదీ ఆయన వ్యాపార సూత్రం.

"ఎండ తగలకూడదనే కదా కప్పు వేశాం" అంటాడు. ఇనుప రేకు ఎండని ఆపుతుంది నిజమే, ఆపి తను కాగి, ఆ సెగని కిందికి కక్కుతుంది. కప్పు ఎంత కిందికుంటే దూడ వీపు అంత మాడుతుంది. వచ్చే కాస్త గాలినీ గోడలు ఆపేస్తాయి. దూడ ఒంటి వేడి మామూలుగా 38.5 నుంచి 39.5 డిగ్రీలు. రోహిణి కార్తెలో బయటి గాలే అది దాటిపోయాక, ఒంట్లో వేడి పోవడానికి చెమటా, రొప్పూ తప్ప దారి లేదు. గేదె జాతికి చెమట గ్రంథులు ఆవు కన్నా బాగా తక్కువ, పైగా నల్లతోలు. అందుకే పెద్ద గేదె చెరువు వెతుక్కుంటుంది. పలుపున్న దూడకి చెరువెక్కడిది? రొప్పినకొద్దీ ఒంట్లో నీరు పోతుంది, ఆసామి మాత్రం "పాలు తాగుతోందిగా, నీళ్ళెందుకు?" అంటాడు. తాగిన పాలు నేరుగా నాలుగో పొట్టలోకి జారిపోతాయి. పెద్దపొట్ట ఎదగాలన్నా, దాణా ఒంటబట్టాలన్నా నీళ్ళు విడిగా కావాలి.

"మా తాత షెడ్డే కట్టలేదు, దూడలు బతకలేదా?" అన్నది ఆయన బ్రహ్మాస్త్రం. తాతగారి కొట్టానికి తాటాకు కప్పు, ముందు వేపచెట్టు, పక్కలన్నీ ఖాళీ. ఇప్పుడు పశువైద్యులు చెప్పేదంతా ఆయన డబ్బుల్లేక చేశాడు. (బతకని దూడల లెక్క ఎవరూ రాయలేదనుకోండి.) తాటాకుకి నిప్పు భయం అంటే మాత్రం అది న్యాయమైన మాట. అందుకని రేకులు పీకనక్కర్లేదు, పైన తెల్లగా సున్నం కొడితే ఎండ చాలామటుకు వెనక్కి పోతుంది, సొరపాదు పాకిస్తే కూరకి కూర. పాలిచ్చే పశువు కన్నా దూడ ఎండకి కాస్త ఆగుతుందన్న వాదనా ఉంది. ఒళ్ళు చిన్నది, పాలు తయారుచేసే వేడి లేదు కాబట్టి అదీ నిజమే. కానీ అది లేచి నీడలోకి నడవగల దూడ సంగతి. ఇక ఫ్యానొకటి పెడతానంటాడు. కాగిన గాలిని తిప్పితే లాభం లేదు, ఒళ్ళు తడిపితేనే ఫ్యానుకి పని. కోస్తా ఉక్కపోతలో నాలుగు పక్కలా మూసేసి నీళ్ళు చల్లితే షెడ్డు ఇడ్లీ పాత్రే.

కొత్తగా కట్టేవాళ్ళు పొడవు తూర్పు పడమరలుగా పెట్టుకుని కప్పు ఎత్తుగా లేపండి. కట్టేసినవాళ్ళు ఉత్తరం, దక్షిణం గోడలు నడుమెత్తుకి దించి, పడమటి ఎండకి గోనెపట్టాలు అడ్డం కట్టండి. దూడ పలుపు విప్పి దడి కట్టిన జాగాలో వదలండి, బకెట్టు నీళ్ళు పెట్టండి. బోర్డు మీద దేవుడి పేరు అలాగే ఉండనివ్వండి.