పోలిష్ మాటలు విరగ్గొట్టడం ఎలా?

పోలిష్ మాట కంటపడగానే చేయాల్సిన మొదటి పని, హల్లులన్నిటికీ తలా ఒక అచ్చు దానం చేయడం. బస్‌ని బస్సు, రోడ్‌ని రోడ్డు చేసుకున్నవాళ్లం, మనకిదేం కొత్త? పెంకుపురుగుని వాళ్లు ‘హ్‌షోంష్చ్’ అంటారు. రాతలో తొమ్మిది అక్షరాలు, అచ్చు ఒక్కటే. అచ్చు ఒక్కటైతే మాటకు ముక్కా ఒక్కటేనట. పిసినారి లెక్క! మీరు ‘హు-షోం-షు-చు’ అని నాలుగు ముక్కలుగా తీరుబడిగా పలకండి. పురుగెక్కడికీ పారిపోదు. యాన్ బ్‌జెహ్ఫా రాసిన పిల్లల పద్యం పుణ్యమా అని ష్చెబ్‌జెషిన్ ఊళ్లో దానికి విగ్రహం కూడా ఉంది, ఫిడేలు వాయిస్తూ.

‘ఐ’ అక్షరం కనపడితే అస్సలు వదలొద్దు. ఇంకో అచ్చు ముందు నిలబడితే అది మన యవత్తు లాంటిదేననీ, ముక్కల లెక్కలోకి రాదనీ వాళ్లంటారు. కాన్‌స్టాంటినోపుల్ వాసి కూతురికి వాళ్లు పెట్టిన పేరు చూడండి: కోన్-స్తాన్-తి-నో-పో-లి-తాన్-చి-కో-వ్యా-నేచ్-కా. ముప్ఫై రెండు అక్షరాలు, పన్నెండు ముక్కలు. ‘వ్యా’ని ‘వి-యా’ చేశారంటే పదమూడు. అమ్మాయి పలక్కపోతే అది ఆమె పెంపకంలో లోపం.

ఇక సమాసాలు. ‘పోద్’ అంటే కింద, ‘జెమ్యా’ అంటే నేల. రెంటినీ కలిపి భూగర్భానికి సంబంధించినదాన్ని ‘పోద్-జెమ్ని’ అంటారు, అతుకు తెలిసేలా ‘ద్’ని విడిగా ఉంచుతారు. పంచడాన్ని మాత్రం ‘పో-జేలిచ్’ అంటారు. అక్కడా రాతలో డీ, జెడ్ పక్కపక్కనే ఉన్నా, రెండూ కలిసి ఒకే ధ్వని. మాట పుట్టుక తెలిస్తే తప్ప ఎక్కడ విరవాలో తెలియదు. అంత శ్రమ ఎందుకు? అన్నిచోట్లా కలిపేయండి. సంధి మనకు వెన్నతో పెట్టిన విద్య.

ఊనిక గొడవ ఇంకోటి. చివరినుంచి రెండో ముక్క మీద పడాలని వాళ్ల పట్టుదల. కారుని ‘సమోహుత్’ అంటారు: తనంతట తానే నడిచేది. ఊనిక ‘మో’ మీద. విభక్తి చేరి ‘సమోహోదు’ అయ్యేసరికి అది ‘హో’ మీదికి గెంతుతుంది. ‘మాతెమాతికా’ లాంటి అరువు మాటల్లో చదువుకున్నవాళ్లు ఇంకో ముక్క వెనక్కి జరిగి, రెండో ‘మా’ని ఊనుతారు. ఈ గెంతులతో మనకేం పని? మొదటి ముక్కని గట్టిగా అరిచి, తక్కినది మింగేయండి.

భయమేస్తే 1970 నాటి వాళ్ల యుద్ధహాస్య చిత్రం ఒకటి తలుచుకోండి. అందులో హీరో తన పేరు గ్‌జెగోష్ బ్‌జెంచిష్చిక్యేవిచ్ అని అబద్ధం చెబుతాడు. అది రాసుకోలేక జర్మన్ అధికారి నానా తిప్పలూ పడతాడు. మన పద్ధతి తెలిసుంటే ఓ పేజీలో రాసేసేవాడు.

ఈ పద్ధతిలో నేనే స్వయంగా వార్సాలో రైలు టికెట్టు అడిగాను: ‘లోడుజు’కి ఒకటి. మూడుసార్లు అడిగాక కాగితం మీద రాసి చూపించమన్నారు. నాలుగే అక్షరాలు. చూసి నవ్వి, ‘వూచ్’ అని ఒక్క ముక్కలో అనేసి టికెట్టు చేతిలో పెట్టారు. రైలు వచ్చింది, వూచ్‌కి వెళ్తున్నానని మైకులో చెప్పింది. నేనెక్కలేదు. నేను వెళ్లాల్సింది లోడుజుకి.