రాతి నేల మీద బ్లేడు ఆయుష్షు

ట్రాక్టరు వెనక మూడు లింకులకు తగిలించి నేల చదును చేసే ఇనుప పలక కంపెనీ బిల్లులో టెర్రేసర్ బ్లేడు, ఊళ్లో ఉత్త బ్లేడు. ఆరేడు అడుగుల పొడవున కొద్దిగా వంపు తిప్పిన మందపాటి రేకు, దాని కింది అంచుకు బోల్టులతో బిగించిన పట్టీ, పైన కోణం మార్చుకోవడానికి చిల్లుల బిళ్ల, ఆ చిల్లుల్లో ఒకదాంట్లో దిగే పిన్ను. సరంజామా ఇంతే. మెరక మీది మన్ను గీకి పల్లంలో పోయడం దీని పని. మన్ను ఉన్నంతసేపు ఇది చెప్పిన మాట వింటుంది. గోదావరి ఒండ్రు నేలలో తండ్రి కొన్న బ్లేడు కొడుకు చేతికి వచ్చినా పెద్దగా వంక పెట్టేదేమీ ఉండదు. అదే బ్లేడు అనంతపురం, మహబూబ్‌నగర్ ఎర్ర చెల్కల్లో దిగిందా, దాని జాతకం మారిపోతుంది.

ఈ చెల్కల అడుగున ఉన్న గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. బ్లేడు వారంటీ కార్డు మీద నెలల లెక్క ఉంటుంది. పోటీ ఏ పాటిదో ఇక్కడే అర్థం కావాలి. గ్రానైటు పగుళ్లలోకి నీరు దిగి, మూలలు ముందుగా శిథిలమై, నడిమి భాగం గుండ్రంగా మిగులుతుంది. రాయలసీమలో కొండల మీద ఎవరో పేర్చినట్టు కనిపించే గుండ్లన్నీ ఇలా తయారైనవే. కొండ మీదివి కంటికి కనిపిస్తాయి గనక వాటితో ట్రాక్టరుకు పేచీ లేదు. పేచీ అంతా మన్నులో కూరుకుపోయి, పిడికెడు తల మాత్రం బయటపెట్టినవాటితోనే. ఏటా ఏరినా మళ్లీ ఏటా రాళ్లు మొలుస్తున్నాయని రైతులు విసుక్కుంటారు. రాళ్లు మొలవవు. అనంతపురంలో ఏడాది మొత్తానికి పడేది 550 మిల్లీమీటర్ల వానే అయినా, పడ్డప్పుడు ఉరిమి పడి పైమన్నును ఊడ్చుకుపోతుంది. కిందున్న రాయి ఉన్నచోటే ఉండి బయటపడుతుంది. అయినా మొలుస్తున్నాయనే మాటే న్యాయంగా తోస్తుంది. చెల్కలో వానకూ ఎండకూ జంకకుండా నూటికి నూరు పాళ్లు దిగుబడి ఇచ్చే పంట అదొక్కటే.

బ్లేడు కోణంలో చూస్తే రాళ్లు మూడు రకాలు. విడిరాళ్లు మన్నుతో పాటు దొర్లుతూ వస్తాయి. అంచు కింద చిక్కుకున్నప్పుడు బ్లేడును ఒక పక్కకు ఎత్తి, చదును చేసిన చోటే చాలు తీస్తాయి. పరుపు బండ మీద బ్లేడు విరగదు, అరుగుతుంది. ఉక్కు పట్టీ గట్టిదే, కానీ గ్రానైటులోని పలుగురాయి గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలమానం మీద 7. మామూలు ఇనుము అందులో సగాన్ని కాస్త దాటి ఆగిపోతుంది. అంటే బ్లేడు బండను చదును చేస్తున్నట్టు కనిపించినా, నిజానికి బండే బ్లేడును సానపడుతూ ఉంటుంది, గంటకింతని బాడుగ మాత్రం రైతు కడతాడు. తాడిపత్రి, బేతంచెర్ల వైపు నాపరాయి నేలల్లో ఈ అరుగుడు తక్కువ. నాపరాయి ఒక రకం సున్నపురాయే, మోస్ లెక్కలో 3 దగ్గరే ఉంటుంది. దాని తీరు వేరు: పొరలు పొరలుగా ఉంటుంది గనక అంచు పొర కిందికి దూరుతుంది, పలక అమాంతం లేచి బ్లేడు వెనక్కి తన్నుతుంది.

మూడోది పాతుకుపోయిన గుండు. విరగ్గొట్టేది ఇదే. దీని సంగతి తెలియాలంటే పని మొదలుకాక ముందు గట్టు మీద జరిగే సంభాషణ వినాలి.

“రాళ్లేమన్నా ఉండాయా అన్నా?” అని డ్రైవరు అడుగుతాడు.

“రాయా! మా నాయన కాలంలోనే అన్నీ ఏరేసినాం. నువ్వు దున్నుకుంటా పో నాయనా.”

మాటలో అబద్ధం లేదు. నాయన ఏరిన రాళ్లు గట్టు మీద కుప్పగా పడే ఉన్నాయి. ఆయన ఏరలేక వదిలేసినవి చేనులో ఉన్నాయి.

రెండు టన్నుల ట్రాక్టరు గంటకు 5 కిలోమీటర్ల వేగంతో పోతూ, అలాంటి గుండుకు తగిలి ఐదు సెంటీమీటర్లలో ఆగిపోతే, ఆ అయిదు సెంటీమీటర్ల మేరా బ్లేడు మీద పడే సగటు ఒత్తిడి సుమారు నాలుగు టన్నులు. వేగం 10కి పెంచితే ఎనిమిది కాదు, పదహారు టన్నులు దగ్గరవుతుంది. వేగం రెట్టింపైతే దెబ్బ నాలుగింతలు కావడం ఎనిమిదో తొమ్మిదో తరగతి పాఠమే. బాడుగ గంటల లెక్కన మాట్లాడుకుంటే డ్రైవరుకు ఈ పాఠం చక్కగా గుర్తుంటుంది. మొత్తం చేనుకింత అని గుత్తకు మాట్లాడుకున్న రోజున మరిచిపోతాడు.

ఎద్దుల గుంటకకు ఈ బెడద లేదు. గుంటక రాయికి తగిలితే ఎద్దు ఆగుతుంది. ఎంత అదిలించినా తనంత తాను ముందుకు పోదు. ట్రాక్టరు పరిశ్రమకు ఎద్దుకున్న ఈ పాటి ఇంగితం నేర్పడానికి హ్యారీ ఫెర్గూసన్ అనే ఐర్లండు రైతు కొడుకు ఏళ్ల తరబడి శ్రమించాడు. ఆ రోజుల్లో నాగలిని గొలుసుతో వెనక కట్టి లాగేవారు. నాగలి రాయికి తట్టుకుంటే ట్రాక్టరు ముందు చక్రాలు గాల్లోకి లేచి, బండి తలకిందులై డ్రైవరు మీద పడేది. పరికరాన్ని మూడు లింకులతో బండికి అతికించి, హైడ్రాలిక్‌తో నడిపించే పద్ధతికి ఫెర్గూసన్ 1926లో పేటెంటు పొందాడు. పరికరం దేనికైనా తగిలి బిగుసుకుంటే టాప్ లింకు మీద ఒత్తిడి పెరుగుతుంది, వ్యవస్థ దాన్ని పసిగట్టి వెనక చక్రాల మీది భారాన్ని వదిలేస్తుంది, చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి, బండి నిలుస్తుంది. 1938లో ఫెర్గూసన్ హెన్రీ ఫోర్డుతో చేయి కలిపి మాట మీదే ఒప్పందం చేసుకున్నాడు. కాగితం లేని ఒప్పందం కోర్టు మెట్లెక్కిందని వేరే చెప్పక్కరలేదు. ఆయన పేరు తగిలించుకున్న మాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్లు 1960లో మద్రాసులో పుట్టిన టాఫే ద్వారా తెలుగు పల్లెలకూ వచ్చాయి. మూడు లింకుల పద్ధతి ఇప్పుడు ఏ రంగు ట్రాక్టరుకైనా ఉంది.

చిక్కల్లా ఏమిటంటే, ఆ ఇంగితం పనిచేయాలంటే ఒత్తిడిని బట్టి పరికరాన్ని లేపి దించే డ్రాఫ్ట్ కంట్రోల్ లివరు వాడాలి. నేల చదునుకు అది పనికిరాదు. బ్లేడు మాటిమాటికీ లేస్తూ దిగుతూ ఉంటే చేను అలలు అలలుగా తయారవుతుంది. అందుకని పొజిషన్ కంట్రోల్‌లో పెట్టి ఒకే ఎత్తున నిలబెడతారు. అంటే బండ నేలకు మహా అవసరమైన రక్షణను పని తీరే పక్కన పెట్టిస్తుంది. ఇక బండికీ రాయికీ మధ్య మిగిలేది పిన్నులూ బోల్టులూ వెల్డింగు అతుకులూ మాత్రమే.

వీటిలో విరగడానికే పుట్టినది షియర్ బోల్టు. కొన్ని బ్లేడ్లకు కోణం నిలబెట్టే చోట, కల్టివేటరు పళ్లకు, రోటవేటరు షాఫ్టుకు ఇది ఉంటుంది. దెబ్బ తగలగానే అది తెగిపోయి మిగతా సరంజామాను కాపాడాలి. బోల్టు తల మీద 4.6, 8.8, 10.9 అని అంకెలు ముద్రించి ఉంటాయి. 12 మిల్లీమీటర్ల బోల్టు 4.6 రకమైతే అడ్డంగా రెండు టన్నుల దగ్గర తెగుతుంది, 8.8 అయితే నాలుగు దాకా ఓర్చుకుంటుంది, 10.9 అయితే ఐదు. మొదటి బోల్టు తెగినప్పుడు రైతుకు కోపం కంపెనీ మీద వస్తుంది, ‘నాసిరకం వేశారు’ అని. టౌనుకు మనిషిని పంపి హార్డ్‌వేరు షాపులో ‘ఉన్నవాటిలో గట్టిది’ తెప్పిస్తాడు. ఇంట్లో ఫ్యూజు మాటిమాటికీ పోతోందని లావుపాటి రాగి తీగ చుట్టడం లాంటిదే ఇది. ఆ తర్వాత బోల్టు తెగదు, నిజమే. పిన్ను వంగుతుంది. పిన్ను వంగిందని దాన్నీ లావుది చేయిస్తే పిన్ను దూరే చిల్లు కోడిగుడ్డు ఆకారంలోకి సాగుతుంది. చిల్లు చుట్టూ మందపు బిళ్ల అతికిస్తే లోయర్ లింకు వంగుతుంది. దాన్నీ గట్టి చేస్తే దెబ్బ సరాసరి వెనక యాక్సిల్ హౌసింగు దాకా పోతుంది. బోల్టు ఖరీదు ఎక్కడ, హౌసింగు ఖరీదు ఎక్కడ! ప్రతి మరమ్మతూ నష్టాన్ని ఒక్కో మెట్టు ఖరీదైన భాగానికి ప్రమోషన్ మీద పంపుతూ పోతుంది.

ఈ మెట్లన్నీ వెల్డింగు షాపు ముందు నుంచే పోతాయి. షాపు ముందు బ్లేడు వెల్లకిలా పడి ఉంటుంది. కుడి మూల అర్ధచంద్రాకారంగా అరిగిపోయి, ఎడమ మూల మాత్రం కొత్తదానిలా చదరంగా నిలిచి ఉంటుంది, ఎందుకంటే డ్రైవరు ఏడాది పొడుగునా ఒకే కోణంలో పెట్టి తోలాడు. వీపు మీద పాత అతుకుల గీతలు ఒకదానిమీదొకటి, వాటి పక్కన వెంట్రుకంత పగులు.

“ఈసారి గట్టిగా పట్టించు మేస్త్రీ. రాడ్లు నాలుగు ఎక్కువైనా పర్లేదు.”

“నా అతుకు చూడన్నా, ఎక్కడన్నా ఊడిందా? పక్క ఇనుము పగిలింది. దానికి నేనేం జేసేది?”

మేస్త్రీ గొప్పకు చెప్పుకున్నా, లోహశాస్త్రం కూడా ఇదే చెబుతుంది. అతుకు వేసేటప్పుడు దాని పక్కనున్న ఇనుము వేడికి కాగి, చప్పున చల్లారి పెళుసుబారుతుంది. తర్వాతి దెబ్బకు పగిలేది అక్కడే. కర్బనం ఎక్కువున్న ఉక్కు అయితే మరీను. పదును పట్టీ బదులు లారీ కమాను పట్టా తెచ్చి అతికించే వాడుక ఉంది. అది గట్టి ఉక్కేగానీ, ముందుగా బాగా వేడి చేయకుండా, తర్వాత మెల్లగా చల్లారనివ్వకుండా వెల్డింగు చేస్తే అతుకు వారలోనే పుటుక్కుమంటుంది. పట్టీని బోల్టులతో బిగించమని తయారీదారు పెట్టిన చిల్లులు అందుకే ఉన్నాయి. వాటిని మేస్త్రీ మొదట పూడ్చేసి, తర్వాత పని మొదలెడతాడు.

గట్టి ఉక్కు అంటే ఎల్లవేళలా ఎక్కువ కాలం మన్నేది అనుకోవడం కూడా పొరపాటే. అంచు మీద గట్టి లోహాన్ని వెల్డింగుతో గీతలు గీతలుగా పోసే హార్డ్‌ఫేసింగు ఇసుక నేలలో అరుగుడును బాగా తట్టుకుంటుంది, గుండు దెబ్బకు పెచ్చులూడుతుంది. 1882లో రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ తయారుచేసిన మాంగనీసు ఉక్కుది విచిత్రమైన గుణం. దెబ్బ తిన్నకొద్దీ గట్టిపడుతుంది, మెత్తని ఇసుకలో తిప్పితే మామూలు ఉక్కులాగే అరిగిపోతుంది. కంకర మిషన్ల దవడలు దాంతో చేసేది ఇందుకే. ట్రాక్టరు బ్లేడుకు మామూలుగా దొరికే బోరాన్ ఉక్కు పట్టీ మధ్యేమార్గం. దాన్ని తిప్పి బిగించుకునే వీలుంటుంది. ఒక అంచు అరిగితే రెండోది కిందికి. ఆ సంగతి తెలియక పట్టీ పోయి, బోల్టు తలలు పోయి, అసలు రేకు కూడా అంగుళం అరిగాక వచ్చి ‘ఈ పట్టీ తిప్పొచ్చంటనే’ అని అడిగేవారు అరుదేమీ కాదు.

అన్నిటికంటే వేగంగా బ్లేడును చంపే పద్ధతి రివర్సులో గుద్దడం. లోయర్ లింకులు లాగడానికి చేసినవి. బ్లేడును వెనక్కి తిప్పి రాయి మీదికి రివర్సు కొడితే అవి లాగుడు కాక నెట్టుడు మోయాలి. లింకులు పక్కకు ఊగకుండా పట్టే చెయిన్లు వదులుగా ఉంటే అవి పక్కకు తిరిగి అక్కడే వంగుతాయి. పంతం మీదున్న డ్రైవరు ముందుకొకసారి, వెనక్కొకసారి గుద్దుతాడు. చుట్టూ మూగిన జనం ‘ఇంకొక్కటి, కదిలింది’ అంటారు. కదిలింది సాధారణంగా రాయి కాదు.

పద్ధతిగా చేసుకోవాలంటే చెల్కలో మొదట దిగాల్సింది బ్లేడు కాదు, స్ప్రింగు పళ్ల కల్టివేటరు. రాయికి తగిలితే పన్ను వెనక్కి లేచి మళ్లీ దిగుతుంది. రాయి ఎక్కడుందో తెలిసిపోతుంది. తెలిసినచోట సున్నం గుర్తు వేసి, చేత్తో లేచేవి ఏరి గట్టుకు చేర్చాలి, లేవనివి జేసీబీకి వదిలేయాలి. బాగా లోతుగా పాతుకున్న గుండును దాని మానాన ఉంచి దాని చుట్టూ దున్నుకునే రైతులే ఎక్కువ, లెక్కేసి చూస్తే వారే తెలివైనవారు. మంచి వాన పడి నేల పదునెక్కిన రెండు మూడు రోజులకు, లో గేరులో, కోణం రెండు వైపులా మార్చుకుంటూ పని చేస్తే అదే బ్లేడు రెండింతలు మన్నుతుంది. లేజరు లెవెలరు ఉంటే ఇంకా బాగా వస్తుందని ఆశపడేవారికి ఒక మాట: లేజరు మన్ను ఎత్తు చూస్తుంది, మన్నులో ఏముందో చూడదు.

బ్లేడు బాడుగకు తోలేవారంతా టూల్ బాక్సులో కంపెనీ వేసిన అంకెవే అరడజను షియర్ బోల్టులు పెట్టుకోండి. తెగితే తల మీద అంకె చూసి అదే అంకెది వేయండి, దానికంటే పై అంకెది వేయకండి.