పదకొండు వేల జాబుల అజీర్తి

ఇది తన కథే అయినా ‘నేను’ అనడానికి ఈ ఇన్‌బాక్స్‌కు మొహమాటం. కడుపులో ఉన్నవన్నీ ఊళ్లోవాళ్లు రాసినవే కదా! అందుకే తన సంగతి కూడా పక్కింటివాళ్ల సంగతిలా చెప్పుకొస్తుంది.

యజమానురాలిది కడంబత్తూరు. చెన్నైలో ఒక కంపెనీ కొనుగోళ్ల విభాగంలో ఉద్యోగం. పొద్దున లోకల్ ఎక్కిందంటే తిరువళ్లూరు వచ్చేలోపే ఫోన్ తీసి దీన్ని తెరుస్తుంది, నిట్టూర్చి మూస్తుంది. చాలా ఏళ్లు వాళ్లిద్దరి కాపురం అంతే.

వంశం మాత్రం గొప్పదే. 1971లో రే టామ్లిన్సన్ పేరుకూ యంత్రానికీ మధ్య @ గుర్తు పెట్టి మొదటి జాబు పంపాడు. ఏడేళ్లు తిరక్కుండానే, 1978 మేలో, గ్యారీ థ్యుయెర్క్ అనే కంప్యూటర్ల అమ్మకందారు దాదాపు నాలుగు వందల మందికి ఒకేసారి ప్రకటన పంపేశాడు. పిలవని పేరంటానికి అదే నాంది.

ఇక తిండి సంగతి. 2004 ఏప్రిల్ 1న గూగుల్ జాబులకు ఒక జీబీ చోటు ఊరికే ఇస్తానంటే లోకం ఏప్రిల్ ఫూల్ అనుకుంది. ఈ రైలు దారిలో ఆ తేదీని అంత తేలిగ్గా తీసుకోరు. 1960లో సరిగ్గా ఆ రోజే తిరుత్తణి చిత్తూరు జిల్లాను వదిలి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. గూగుల్‌దీ వేళాకోళం కాదని తేలింది. చోటు దొరికాక పారేసేదెవరు?

అలా ఈ ఇన్‌బాక్స్‌లో పదకొండు వేలు చేరాయి. భయపడి యజమానురాలు నలభై రెండు ఫోల్డర్లు కట్టింది. ‘అర్జెంట్’, ‘చాలా అర్జెంట్’, ‘తర్వాత’... ఒక సరఫరాదారు ధర తగ్గించి పంపిన కొటేషన్ ఆ ‘తర్వాత’లోకి పోయింది. బయటపడేసరికి గడువు దాటి నాలుగు రోజులు. ఆఫీసులో ఆవిడ పడ్డ మాటలు ఇక్కడెందుకులెండి.

నిజానికి ఆ గదులన్నీ వృథా శ్రమ. 2011లో ఐబీఎం పరిశోధకులు 345 మంది జాబులు ఎలా వెతుకుతున్నారో గమనించారు. ఫోల్డర్ల వెంట పోయినవాళ్లకు సగటున 58 సెకన్లు పట్టింది, మాట కొట్టి వెతికినవాళ్లకు 17.

మందు ఇంట్లోనే దొరికింది. మామగారు ఒకప్పుడు రైల్వే మెయిల్ సర్వీసు (ఆర్‌ఎంఎస్‌)లో సార్టర్, అంటే కదిలే రైల్లో నిలబడి ఉత్తరాలు అరల్లోకి విసిరిన మనిషి. 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ వచ్చాక అంకెలు చూసి వేయడమే. తిరువళ్లూరు 602001, అదే జిల్లాలోని తిరుత్తణి 631209. జిల్లా ఒకటే, అరలు మాత్రం వేరు.

కోడలి ఫోన్ చూసి ఆయన నవ్వాడు. “ఏమ్మా, ఒకే జాబును పదిసార్లు చేతిలోకి తీసుకుంటే ఎట్ల? స్టేషన్ వచ్చేలోపల సంచీ కట్టేయాల గదా!”

ఆ మాట తర్వాత ఈ ఇన్‌బాక్స్‌కు పథ్యం మొదలైంది. రెండు నిమిషాల్లో తేలేదానికి అప్పుడే జవాబు. తేదీ ఉన్నది క్యాలెండర్‌లోకి. ఊరికే తెలియడానికి సీసీలో వచ్చినవి, ప్రకటనలు ఫిల్టర్ పట్టుకుని పక్కకు లాగేస్తుంది. మిగతావన్నీ ఆర్కైవ్ అనే ఒకే గోదాములోకి. తెరవడం రోజుకు మూడుసార్లే. అలా మూడుసార్లకు కట్టడి చేసుకున్న వారంలో మనుషులకు ఒత్తిడి తగ్గిందని కెనడాలో కుష్లెవ్, డన్ చేసిన పరిశోధన 2015లో అచ్చయింది. యజమానురాలు అది చదవలేదు. మధ్యాహ్నం అన్నం వేడిగా తినగలుగుతోంది, ఆవిడకు అది చాలు.

మొన్న శుక్రవారం సాయంత్రం లోకల్‌లో మిగిలింది ఒక్కటే. మేనేజర్ నుంచి: “దీని గురించి మాట్లాడదాం.” దేని గురించో లేదు, ఎప్పుడో లేదు. ఏ అరలో వేయాలి? ఇంటికి ఫోన్ చేసి అడిగితే, అడ్రసు తెలియని ఉత్తరాలకు తమ కాలంలో వేరే ఆఫీసే ఉండేదని మామగారు గర్వంగా చెప్పాడు. ఇక్కడ అలాంటిది లేదు. బండి కడంబత్తూరులో ఆగింది. ఆ జాబు ఇంకా పైనే ఉంది.