అడుగు చూసి చెప్పండి

మా ఇంట్లో ఇప్పుడు రెండు పక్షాలున్నాయి. నన్ను బాగుచేయించి ఉంచుకుందామని పెద్దబ్బాయి అంటాడు, తీసేసి కొత్త బండి కొందామని చిన్నబ్బాయి. మామ్మ ఇంకా ఎటూ చెప్పలేదు. వాళ్ళు వాదించుకునేది నా బోనెట్‌కి ఆనుకునే కాబట్టి ప్రతి మాటా వింటున్నాను. నా సంగతి నేనూ చెప్పుకోవాలి.

నేను అంబాసిడర్‌ని. మార్క్ 4, పెట్రోలు బండిని. 1987లో హుగ్లీ అవతలి ఒడ్డున ఉత్తరపాడాలో, హిందుస్తాన్ మోటార్స్ కర్మాగారంలో పుట్టాను. ఆ సంస్థ 1942లో గుజరాత్‌లోని ఓఖా రేవులో మొదలై, 1948లో బెంగాల్‌కు తరలివచ్చింది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే ఇంగ్లండు కారు మా వంశానికి మూలం. 1957లో మొదలైన మా పుట్టుకలు 2014 మేలో ఆగిపోయాయి. 2017లో మా పేరును 80 కోట్ల రూపాయలకు ఫ్రాన్స్ వాళ్ళ ప్యూజో సంస్థ కొనుక్కుంది. పేరు అమ్ముడుపోయినా, రోడ్ల మీద మిగిలిన మేం మాత్రం మమ్మల్ని కనిపెట్టుకున్న ఇళ్ళవాళ్ళ దయ మీద, మిస్త్రీల నేర్పు మీద బతుకుతున్నాం.

నన్ను మా ఊరు బడ్జ్ బడ్జ్‌కి, కోల్‌కతా పక్కనే హుగ్లీ ఇవతలి ఒడ్డుకు, తెచ్చింది తాతగారు. హుగ్లీ ఒడ్డు జూట్ మిల్లుల్లో శ్రీకాకుళం, గంజాం వైపు కుటుంబాలు తరాల తరబడి పనిచేశాయి. తాతగారి తండ్రి ఇచ్ఛాపురం దగ్గరి పల్లె నుంచి వచ్చి స్పిన్నింగు ఖాతాలో చేరాడు. తాతగారు నాలుగు అక్షరాలు నేర్చి మిల్లు ఆఫీసులో గుమస్తా అయ్యారు. ఒక డాక్టరు గారు వాడి వదిలేసిన నన్ను రిటైరైన డబ్బుతో కొన్నారు. మిల్లు లైన్లలో పుట్టి పెరిగిన మనిషి సొంత కారులో సొంతూరికి వెళ్ళాలన్నది ఆయన కోరిక. అప్పటికి విద్యాసాగర్ సేతు తెరిచారు. తారాతలా, ఖిదిర్‌పూర్ మీదుగా ఆ వంతెనెక్కి, ఖరగ్‌పూర్, బాలాసోర్, బరంపురం దాటుకుంటూ ఆరువందల కిలోమీటర్లకు పైగా పరుగు. వెనక సీట్లో మామ్మ, ఇద్దరు పిల్లలు, డిక్కీ నిండా చీరలూ స్వీట్లూ. చిలికా పక్కన ఆపి రేడియేటరులో నీళ్ళు పోసేవారు. తిరుగు ప్రయాణంలో జీడిపప్పు, కొత్త బెల్లం. ఆ బరువుకి నా వెనక కమాన్ పట్టీలు కిందికి వంగిపోయేవి. అయినా ఆ దారిలో ఉన్నంత సుఖం నాకు ఇంకెక్కడా లేదు.

ఇక ఇప్పటి గొడవ. మొన్న వానల్లో డ్రైవరు కాళ్ళకింద నీళ్ళు ఊరాయి. క్లచ్ జారుతోంది. ఎడమ ముందు చక్రం బ్రేకు ఒక పక్కకు లాగుతోంది. నా రిజిస్ట్రేషను 2027లో మళ్ళీ రెన్యూ చేయించాలి. ప్రైవేటు కారుకు పదిహేనేళ్ళ తర్వాత ప్రతి అయిదేళ్ళకూ బండిని తనిఖీ చేయించి రెన్యూ చేయించడం తప్పదు. ఇరవై ఏళ్ళు దాటిన కార్లకు ఆ రెన్యువలు రుసుమును 2025లో కేంద్రం 5,000 నుంచి 10,000 రూపాయలకు పెంచింది. 2022లో హరిత ట్రిబ్యునల్ కోల్‌కతా, హౌరాల్లో పదిహేనేళ్ళు దాటిన బళ్ళను తప్పించాలని ఆదేశించిన సంగతి కూడా చిన్నబ్బాయి గుర్తుచేశాడు. భయపడాల్సిన మాటే అది.

"దీన్ని అమ్మితే వచ్చేదానికన్నా రిపేరే ఎక్కువవుతుంది అన్నయ్యా" అంటాడు చిన్నబ్బాయి.

ఈ లెక్క నాకు నచ్చలేదు. నన్ను అమ్మితే ఎంతొస్తుందన్నది అమ్మేవాడికి కావాలి. ఉంచుకునేవాడు చూడవలసింది వేరు. ఈ రిపేరుతో నేను ఇంకెన్నేళ్ళు నడుస్తాను, అన్నేళ్ళూ కొత్త బండికి కట్టే వాయిదాలు, ఇన్సూరెన్సు ఎంత? రోజూ ఆఫీసుకు తిప్పే బండైతే నా పెట్రోలు ఖర్చే వాళ్ళను ముంచుతుంది. కానీ ఆదివారం బజారుకు, నెలకోసారి ఆస్పత్రికి తిరిగే బండికి మైలేజీ అంత పెద్ద విషయం కాదు.

అలాగని పెద్దబ్బాయి వాదనా పూర్తిగా ఒప్పుకోను. "ఇంజను గట్టిది, ఇంకో ఇరవయ్యేళ్ళు పోతుంది" అంటాడు. నా 1489 సీసీ ఇంజను నిజంగా మొండిది. బోరింగ్ చేయించి, కొత్త పిస్టన్లు, రింగులు వేస్తే మళ్ళీ లేస్తుంది. నాలాంటి బండి ప్రాణం మాత్రం ఇంజనులో లేదు. లారీకి కింద వేరే ఛాసిస్ ఉంటుంది, దాని మీద బాడీ బిగిస్తారు. నాకు అలా లేదు. నేల రేకు, తలుపుల కింద నడిచే దూలాలు, పైకప్పు అన్నీ కలిపి వెల్డింగ్ చేస్తేనే నేను. ముందు చక్రాల టార్షన్ బార్లు నేలకింది అడ్డదూలాన్ని పట్టుకునుంటాయి, వెనక కమాన్లు బాడీకే వేలాడతాయి. ఆ చోట్ల తుప్పు తినేస్తే ఎంత గొప్ప ఇంజనూ నన్ను కాపాడలేదు. బడ్జ్ బడ్జ్ గాలిలో ఏడాదిలో సగం రోజులు తడే. గుంటల్లో నిలిచిన వాననీళ్ళు అడుగుకు చిమ్ముతాయి, బురద పట్టి ఆరకుండానే ఉండిపోతుంది. కాబట్టి ఉంచాలా తీసేయాలా అన్నది నా అడుగు చూడకుండా తేలే విషయం కాదు.

స్పేర్ల మాట ఒకటుంది, అది చెప్పడం నాకు కష్టం. కోల్‌కతా పసుపు టాక్సీలు నా తోబుట్టువులే. కమర్షియల్ బళ్ళకు పదిహేనేళ్ళ గడువు హైకోర్టు 2008లోనే పెట్టింది. గడువు తీరిన టాక్సీ తుక్కుకు వెళితే దాని గేర్‌బాక్సు, తలుపు, స్టీరింగ్ మల్లిక్ బజార్ కొట్లలోకి చేరతాయి. వాటితోనే ఇన్నాళ్ళూ నేను నడిచాను. ఆఖరి బ్యాచ్ 2014ది కాబట్టి ఆ టాక్సీలూ మరి కొన్నేళ్ళలో అయిపోతాయి. ఆ తర్వాత నాకు ఏ వస్తువు కావాలన్నా వెతుకులాటే. ఈ సంగతి పెద్దబ్బాయి లెక్కలో పెట్టుకోవాలి.

పెట్రోలు కూడా మారింది. ఇప్పుడు బంకుల్లో పోసేదాంట్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది తేమను పీల్చుకుంటుంది, నా కాలపు రబ్బరు గొట్టాలను ఉబ్బించి పెళుసు చేస్తుంది. పెట్రోలు కారితే మంటే. గొట్టాలు, కార్బురేటర్ గాస్కెట్లు మార్చడాన్ని సోకుగా ఎవరూ అనుకోకూడదు.

మొన్న ఆదివారం మిస్త్రీ చాచా వచ్చాడు. నన్ను జాకీ మీద లేపి స్క్రూడ్రైవరుతో దూలాలు పొడుచుకుంటూ వెళ్ళాడు. కుడివైపు దూలం కొట్టినచోటల్లా ఖణేల్‌మంది. ఎడమవైపు, డ్రైవరు పక్క సీటు కింద, చెయ్యెడు మేర రేకు పొడిపొడిగా రాలింది. అడ్డదూలం గట్టిగానే ఉంది. ఆయన మాట తేల్చి చెప్పాడు: ఆ ముక్క కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయవచ్చు, కానీ పైన పుట్టీ పూసి రంగేసి మోసం చేసే పని తాను చేయడు. అడ్డదూలం పోయుంటే ముట్టుకునేవాడినే కాదన్నాడు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది.

అప్పుడు మామ్మ నోరు విప్పింది. "ఏటిరా మీ గోల? బండి ఉంచితే ఉంచండి. గానీ మనవల్ని ఎక్కించుకుని టౌనుకెల్లకండి. దీంట్లో బెల్టులు కూడా లేవు."

ఆమె మాటలో నేను కాదనగలిగింది ఏదీ లేదు. కొత్త కార్లకు 2019 నుంచి ఏబీఎస్ తప్పనిసరి, ఇప్పుడు ముందు సీట్లు రెండింటికీ గాలిసంచులూ ఉండాల్సిందే. నాకు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. తాతగారి పిల్లలు నా వెనక సీట్లో నిద్రపోతూ ఇచ్ఛాపురం వెళ్ళారు, నిజమే. ఆనాటి రోడ్డు మీద వేగాలు వేరు. బాటానగర్ నుంచి జింజిరా బజార్ దాకా ఇప్పుడున్న ఫ్లైఓవరు మీద నా పక్కనుంచి దూసుకుపోయే బళ్ళను చూస్తే, ఆ పిల్లల పిల్లలను నాలో కూర్చోబెట్టమని నేను అడగలేను.

చివరికి ఇలా తేలింది. ఎడమ దూలం, బ్రేకులు, పెట్రోలు గొట్టాలు, క్లచ్ ప్లేటు, ఈ వరసలో పని. రంగు వద్దు, సీటు కవర్లు వద్దు. పిల్లల బడికీ, రాత్రి ప్రయాణాలకూ చిన్నబ్బాయి సెకండ్‌హ్యాండులో ఒక చిన్న కారు, గాలిసంచులున్నది, చూస్తాడు. 2027 తనిఖీలో అడ్డదూలానికి తుప్పు కనబడితే ఇక వాదన లేదు, నన్ను గుర్తింపు పొందిన తుక్కు కేంద్రానికే అప్పగిస్తారు. వాళ్ళిచ్చే డిపాజిట్ సర్టిఫికెట్ మీద కొత్త కారు రోడ్డు పన్నులో 25 శాతం దాకా రాయితీ దొరకవచ్చునని చిన్నబ్బాయి రాసిపెట్టుకున్నాడు. ఈ షరతుకు నేనూ ఒప్పుకుంటున్నాను.

పెద్దబ్బాయి సోమవారం సెలవు పెట్టాడు. పొద్దున్నే సియాల్దా లోకల్ పట్టుకుని చాచాతో మల్లిక్ బజార్ వెళ్తాడు. మామ్మ చీటీలో మొదటి పేరు బ్రేకు షూలు.