సున్నా పక్కిల్లు వెతికే పెద్దమనిషి

సున్నాకంటే పెద్దవైన సంఖ్యలన్నిటిలోకీ చిన్నది ఒకటి ఉండి తీరాలని నమ్మే పెద్దమనిషి ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. సాధారణంగా ఇంజనీరుగానో బ్యాంకు ఆఫీసరుగానో రిటైరై, పొద్దున్నే పార్కులో నడుస్తూ కనిపిస్తాడు. లెక్కల మాస్టారు ఎదురైతే వదలడు. లెక్కల మాస్టార్లు సాయంత్రపు నడకకు మారడానికి షుగరొక్కటే కారణం కాదు.

ఈయన వాదం 0.999... దగ్గర మొదలవుతుంది. దశాంశ బిందువు తరవాత తొమ్మిదులు అంతులేకుండా ఉంటే ఆ సంఖ్య ఒకటికి సమానం. ఈయన ఒప్పుకోడు. "దగ్గరికి వస్తుంది మాస్టారూ, చేరదు. ఎంతో కొంత తేడా ఉండే ఉంటుంది" అంటాడు. ఎంతండీ ఆ తేడా అంటే, జేబులోంచి పెన్ను తీసి 0.000 అని మొదలుపెట్టి, చుక్కలు పెట్టుకుంటూ పోయి, చివర ఒకటి వేస్తాడు. ఆ ఒకటిలోనే ఆయన ప్రాణమంతా ఉంది. అంతులేని సున్నాలకు చివర ఎక్కడిదో, ఆ ఒకటి ఎన్నో స్థానంలో ఉందో చెప్పమంటే మాత్రం పెన్షన్ల సంగతి ఎత్తుకుంటాడు.

విచిత్రమేమిటంటే, మూడో వంతు 0.333... అంటే ఈయనకు పేచీ లేదు. బళ్లో తన చేత్తో భాగహారం చేసిన లెక్క అది. దాన్ని మూడుతో గుణించి ఒకటి, 0.999... ఎదురెదురుగా నిలబడేసరికి మాత్రం మధ్యలో ఏదో మోసం జరిగిందంటాడు. సాక్ష్యానికి కిరాణా కొట్టు క్యాలిక్యులేటర్‌ని తెస్తాడు. చౌకరకం ఎనిమిదంకెల క్యాలిక్యులేటర్‌లో ఒకటిని మూడుతో భాగించి మళ్లీ మూడుతో గుణిస్తే 0.9999999 రావడం నిజమే. అయితే అది చోటు చాలక ఏడు తొమ్మిదుల దగ్గర ఆగిపోయిన సంఖ్య. ఒకటికీ దానికీ తేడా కోటిలో ఒక వంతు. తొమ్మిదులు ఎక్కడా ఆగకపోతే ఆ తేడా ఉండదు. ఆయన ఎంత చిన్న తేడా చెప్పినా, అంతకంటే దగ్గరగా రావడానికి కొన్ని తొమ్మిదులు చాలు. ఇక్కడున్నవి కొన్ని కావు, అన్నీ.

అలాగని ఈయన సందేహం తీసిపారేయదగ్గది కాదు. సున్నా కాకుండానే సున్నాలా ప్రవర్తించే రాశులతో కలన గణితం నడుస్తున్న రోజుల్లో, 1734లో, బిషప్ జార్జి బర్క్‌లీ వాటిని ఎగతాళి చేస్తూ ఏకంగా పుస్తకమే రాశాడు. గట్టి జవాబు తయారు కావడానికి నూరేళ్లు దాటింది. 1821లో కోషీ అవధి భావనను ముందుకు తెచ్చాడు, వైర్‌స్ట్రాస్ దాన్ని బిగించాడు, 1872లో డెడెకిండ్, కాంటర్ ఎవరి దారిన వాళ్లు వాస్తవ సంఖ్యలకు పునాది వేశారు. మార్కుల కోసం 'సమానం' అని రాసేసి, మళ్లీ ఆ సంగతే తలవని వాళ్లకంటే ఈయన చాలా నయం.

ఈయన జీవితంలో పండగ రోజులు రెండు. కంప్యూటర్లు మామూలుగా వాడే 64 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ పద్ధతిలో అతి చిన్న ధన సంఖ్య నిజంగానే ఉందని సాఫ్ట్‌వేర్ కొడుకు చెప్పిన రోజు మొదటిది. దశాంశ బిందువు తరవాత 323 సున్నాలు, ఆపైన సుమారు 5. పార్కులో స్వీట్లు పంచాడు. ఆ సంఖ్యను రెండుతో భాగిస్తే యంత్రం సున్నా అంటుందని కొడుకు మర్నాడు చెప్పాడు. రెండోది, 1960ల్లో అబ్రహాం రాబిన్సన్ అతిసూక్ష్మ రాశులకు తర్కబద్ధమైన చోటు కల్పించాడని తెలిసిన రోజు. ఆ సంఖ్యల్లోనూ దేన్నైనా సగం చేయవచ్చు, కనుక అతి చిన్నది అక్కడా లేదని తెలిశాక ఈసారి స్వీట్లు కొనలేదు.

అన్నిటికంటే పెద్ద సంఖ్య ఏది తాతయ్యా అని మనవడు అడిగితే మాత్రం ఈయన నవ్వేస్తాడు. "పిచ్చి వెధవా, ఏది చెప్పినా దానికి ఒకటి కలపొచ్చుగా!" అంటాడు. అతి చిన్న ధన సంఖ్య అంటూ ఉంటే, దాని వ్యుత్క్రమం అన్నిటికంటే పెద్ద సంఖ్య కావాలి. అది లేదని ఆయనే చెప్పాడు కాబట్టి ఇదీ లేదు.