రెండు భాషలు, ఒక నక్క

బెల్జియంలో డచ్ మాట్లాడే ప్రాంతం ఫ్లాండర్స్. అక్కడ రెండు భాషలూ వాటి సాహిత్యాలూ కలిపి ఒకే ఏడాదిలో ఎమ్మే చెయ్యొచ్చు. నేను డచ్, జర్మన్ తీసుకున్నానని ఫోన్లో చెప్పగానే మా మావయ్య, "రెండూ ఒక గూటివేగా! ఆషాఢం సేల్‌లో చీరలాగా ఒకటి చదివితే ఇంకోటి ఫ్రీ. హాయిగా కానిచ్చెయ్ రా" అన్నాడు.

మొత్తం 60 క్రెడిట్లు. ఒక్కో క్రెడిట్‌కి 25 నుంచి 30 గంటల చాకిరీ అని అక్కడి చట్టమే లెక్క కట్టింది. ఫ్రీ అన్న మాట అందులో ఎక్కడా లేదు.

జర్మన్‌లో మూడు లింగాలు, నాలుగు విభక్తులు. డచ్ వాళ్లు లింగాల్ని రెండు ఆర్టికల్స్‌లో సర్దేసి, విభక్తుల్ని దాదాపుగా వదిలించుకున్నారు. పొద్దున జర్మన్ క్లాసులో తగిలించుకున్న విభక్తులు మధ్యాహ్నం డచ్ క్లాసులో కూడా ఊడిరావు. ఉపవాక్యంలో క్రియ చివరికి పోతుందని మార్క్ ట్వేన్ 1880లో జర్మన్ మీద పెద్ద శోకమే పెట్టాడు. క్రియ కోసం వాక్యం చివరిదాకా కాచుకోవడం తెలుగువాడికి ఉగ్గుపాలతో వచ్చిన విద్య, అక్కడ మనకి బెంగ లేదు. తంటా అంతా రెండు మూడు క్రియలు చివర గుంపుగా చేరినప్పుడే. ఎవరు ముందు నిలబడాలన్న దగ్గర ఈ రెండు భాషలకీ పొసగదు.

సాహిత్యంలో మాత్రం మావయ్య మాట నిజమయ్యేటట్టే కనిపించింది. విల్లెమ్ అనే కవి 13వ శతాబ్దంలో డచ్‌లో రేనార్ట్ అనే నక్క కథ రాశాడు. అదే కథని గోథే జర్మన్‌లో 12 సర్గల కావ్యం చేసి 1794లో అచ్చేశాడు. ఒక నక్క, రెండు పరీక్షలు! తీరా తవ్వితే మధ్యలో 1498లో ల్యూబెక్‌లో అచ్చయిన లో జర్మన్ నక్క ఒకటి, దాన్ని 1752లో వచనంలోకి దించిన గాట్‌షెడ్ నక్క ఇంకొకటి బయటపడ్డాయి. నాలుగూ చదవక తప్పలేదు.

అయినా ఆ నక్క మీద నాకు కోపం రాదు. ఉరికంబం దగ్గర నిలబెడితే, ఫలానా చోట నిధి దాచానని సింహం చెవిలో ఊదుతుంది. ఆఖెన్, పారిస్ పేర్లు విన్నానుగానీ ఈ ఊరెక్కడిదని రాజు నిలదీస్తే, కుందేలు చేత సాక్ష్యం చెప్పించి మరీ బయటపడుతుంది. చిన్నయసూరి మిత్రభేదం చదువుకున్న నాకు అందులోని నక్క దమనకుడే గొప్ప మంత్రాంగం తెలిసినవాడనిపించేది, ఇప్పుడు అనిపించడం లేదు. గోథే దగ్గరికొచ్చేసరికి ఛందస్సు మారింది, పిల్లి పేరు మారింది, లేని ఆ నిధి మాత్రం ఫ్లాండర్స్‌లోనే ఉండిపోయింది.

మరి ఫ్లాండర్స్‌లోని ఘెంట్‌లో పుట్టి 1911లో సాహిత్యానికి నోబెల్ అందుకున్న మేటర్లింక్‌ని ఈ ఎమ్మేలో చదువుతామా అంటే, ఆయన రాసిందంతా ఫ్రెంచ్‌లో. డచ్‌లో రాసినవాళ్లెవరికీ ఇంతవరకూ ఆ బహుమతి రాలేదు. జర్మన్ పక్కన కూర్చుని ఈ మాట వినడం డచ్ విద్యార్థికి కాస్త కష్టమే.

ఇక థీసిస్. నాది సహజంగానే ఆ నక్క అబద్ధాల మీద. ఆలస్యమైనప్పుడల్లా లైబ్రరీలో నిఘంటువుల బీరువా ముందుకెళ్లి ధైర్యం తెచ్చుకుంటాను. గ్రిమ్ సోదరులు 1838లో జర్మన్ నిఘంటువు మొదలెట్టారు. విల్హెల్మ్ 'డి' ముగించి 1859లో పోయాడు, యాకోబ్ 'ఎఫ్' మధ్యలో 1863లో పోయాడు. పుస్తకం 1961లో పూర్తయింది. డచ్ వాళ్ల మహా నిఘంటువు మొదటి భాగం 1864లో వస్తే చివరిది 1998లో వచ్చింది.

కాబట్టి మీ చుట్టాల్లో ఎవరైనా ఇలాంటి ఎమ్మే చేస్తుంటే ఉద్యోగం సంగతి అడగండి, పెళ్లి సంగతి అడగండి, థీసిస్ ఎంతవరకొచ్చిందని మాత్రం అడక్కండి.