ఆపాదకంఠ పరిధానము

మానవుడు వస్త్రధారణము నభ్యసించినది మొదలు దేహమును నడుమునొద్ద రెండు రాజ్యములుగా విభజించి, పైదానికొక వస్త్రమును క్రిందిదానికొక వస్త్రమును నియమించి, ఆ రెంటి నడుమ సరిహద్దుగా మొలత్రాడునో ఒడ్డాణమునో తోలుపట్టీనో నిలిపి చిరకాలము సుఖముగా జీవించుచుండగా, ఇరువదవ శతాబ్దమున కొందఱు బుద్ధిమంతులకు ఆ సరిహద్దును చెఱిపివేయవలెనను సంకల్పము కలిగెను. తత్ఫలితముగా మెడ మొదలు చీలమండ వఱకు ఏకముగా కుట్టబడిన జంప్‌సూట్ అను పరిధానము అవతరించి, కొంతకాలము వెలిగి, మఱుగుపడి, ఇప్పుడు రెట్రో అను బిరుదముతో, అనగా పాతబడుటయే ఘనతగా, క్రొత్త వెలకు అంగళ్లలో మఱల వ్రేలాడుచున్నది.

దీని జన్మమునందు దోషమేమియు లేదు. మొదటి ప్రపంచయుద్ధకాలమున సిడ్నీ కాటన్ అను వైమానికుడు నూనెమరకల పనిదుస్తులతోనే విమానమెక్కి, తోడివారందఱు చలికి వణకుచుండగా తానొక్కడే వెచ్చగానుండుట గమనించి, 1917లో సిడ్కాట్ అను ఏకఖండ వస్త్రమును కల్పించెను. పిమ్మట పారాషూటుతో దుముకువారును ఇట్టిదానినే తొడిగిరి. ఆకాశమునుండి దుముకువానికి మార్గమధ్యమున లఘుశంక తీర్చుకొను అవసరము సాధారణముగా రాదు గనుక, ఆ విషయమును అప్పుడెవరును విచారింపలేదు. 1920లో ఫ్లారెన్సు నగరపు చిత్రకారుడు తయాత్, యుద్ధానంతరమున బట్ట ప్రియమైయుండుట చూచి, ఒకే గుడ్డనుండి సరళరేఖలలో కత్తిరింపదగిన తూతా అను దుస్తును రూపొందించి, ఎవరింట వారు కుట్టుకొనుటకై ఆ నమూనాను లా నాజియోనె పత్రికలో అచ్చువేయించెను. సామాన్యునకై పుట్టిన యా చవుక దుస్తును సంపన్నులు మోజుపడి తొడిగిరట, అది లోకసహజమే. కాని ఆతడు స్త్రీలకు కల్పించిన తూతా మాత్రము కాళ్ల నడుమ చీలిక లేక గౌనుగానే యుండెను. ఆతడు సంసారపు సాధకబాధకముల నెఱిగినవాడని నా నమ్మకము.

ఈ వస్త్రచరిత్రమున నాకు మిక్కిలి గౌరవము గలిగించు ఘట్టము లండనులో జరిగినది. 1940 సెప్టెంబరు మొదలు 1941 మే వఱకు జర్మను విమానములు రాత్రులందు ఆ నగరముపై బాంబులు కురియుచుండగా, సైరను కూత చెవిని బడినంతనే శయ్యనుండి లేచి, రాత్రిదుస్తుల మీదనే కాళ్లు రెండును దూర్చి, జిప్పును గొంతువఱకు లాగి, బిడ్డను చంకనెత్తుకొని నేలమాళిగకు పరుగెత్తుటకై అచ్చటి స్త్రీలు తొడిగిన సైరన్ సూట్ అక్కఱనుండి పుట్టిన వస్త్రము. ప్రధానమంత్రి చర్చిల్ సహితము దీనిపై మనసుపడి, మఖమలుతో కుట్టించుకొని, ఆ స్థూలకాయముతో చుట్ట కాల్చుచు అందులోనే మహామహుల యెదుట నిలువగా, ఇంటివారు దానిని పసిపిల్లల దుస్తని పరిహసించిరి. పారిస్‌లో ఎల్సా స్కియాపరెల్లి అను దుస్తుల రూపకర్త్రి ఇట్టిదానికే, ఇల్లు విడిచి పోవునపుడు చేతికందిన సామగ్రి నెల్ల కుక్కుకొనుటకు వీలుగా పెద్దపెద్ద జేబులు పెట్టించినది. అయినను వీనియన్నిటికంటె మహత్తరమైన కల్పన, కొన్ని సైరన్ సూట్లకు వెనుకభాగమున అమర్చిన దింపుడు తలుపు. బాంబులు పడు వేళను గూడ శరీరము తన నిత్యధర్మములను మానదని యెఱిగి, వస్త్రమంతయు విప్పనక్కఱలేకుండ ఆ తలుపొక్కటి దించుకొనిన చాలునట్లు ఏర్పాటు చేసిన యా అజ్ఞాత దర్జీకి ఎచ్చటను శిలావిగ్రహము లేకుండుటయు, సేనాపతులకు మాత్రము కూడలి కూడలికి ఉండుటయు నాకు న్యాయముగా తోపదు.

యుద్ధము ముగిసెను, తలుపు మూతపడెను. 1965 నుండి బ్రిటిషు టెలివిజనులో ది అవెంజర్స్ అను ధారావాహికయందు ఎమ్మా పీల్ పాత్రధారిణి డయానా రిగ్ బిగుతైన తోలు దుస్తులతో దుష్టులను తన్నుచుండగా ప్రేక్షకులు పరవశించిరి గాని, ఆ తోలు ధరించు తల్లికే దుస్సహమై, 1967 నాటికి అలున్ హ్యూస్ అను దుస్తుల రూపకర్త సాగెడు జెర్సీ గుడ్డతో వేఱు దుస్తులు కల్పింపవలసి వచ్చెను. తరువాతి దశకపు డిస్కో దీపములను గుఱించి విస్తరింపను. చూచినవారికే కన్నులు బైర్లు క్రమ్మినవి.

మా మనుమరాలు కొనితెచ్చినది ఆ డెబ్బదుల నాటి నమూనాయట. రంగు ఆవపూవు, కాళ్లు బెల్‌బాటము, జిప్పు వీపున. జేబులున్నవి గదా యని వ్రేలు దూర్పబోవగా, అవి జేబుల ఆకారములే గాని జేబులు కావు, నోరు కుట్టివేసిరి. యుద్ధకాలపు స్త్రీలు అక్కఱకై పెట్టించుకొన్న జేబులను, తలుపును పరిహరించి, ఎవరికిని అక్కఱలేని బిగుతును మాత్రము ఈ రెట్రో వర్తకులు భద్రముగా పరిరక్షించిరి.

మా యింటిది కండ్లద్దములు సవరించుకొని దానిని ముందు వెనుకలు త్రిప్పి పరీక్షించినది.

"చూడ ముచ్చటగానే ఉందే. దొడ్డికెళ్ళాల్సొస్తే ఎలాగే?"

"విప్పాలి నాయనమ్మా."

"ఎంతవరకు?"

"మొత్తం."

"వీపు మీది జిప్పు నీ చేతికందదు కదే?"

"ఫ్రెండుని తోడు తీసుకెళ్తాను."

"ఆ పిల్లా ఇలాంటిదే వేసుకొస్తే?"

"ఒకరిది ఒకరం తీసుకుంటాం."

"ఇంత పాటెందుకే, నడుం దగ్గర కోయించి రెండు ముక్కలు చేయిస్తే పోలా?"

సూదియు జిప్పును ఎఱుగని ఆఱు గజముల చీరయు ఒక విధమున ఏకఖండమే యైనను, ఎప్పుడెంత యెత్తవలెనో అంత యెత్తనిచ్చు ఔదార్యము దానియందు గలదని నేను ఆమె పక్షమున ఉపన్యసింపబోగా, కదలు రైలులో తడినేలమీద కుచ్చిళ్లు పట్టుకొని నిలుచుట ఎట్టిదో నన్నొకసారి కట్టి చూడుమని ఆమెయే నా నోరు మూయించినది.

బంధువులయింట పెండ్లి సంగీత్ నాటి రాత్రి మనుమరాలు అదియే ధరించి వెలిగిపోయెను. ఫోటోలు తీసినవారందఱు మెచ్చిరి. పానకము, మజ్జిగ, కొబ్బరినీళ్లు వరుసగా వచ్చుచుండగా ఆ పిల్ల ప్రతి పళ్లెమునకును చిఱునవ్వుతో చేతులు జోడించి వెనుకకు పంపుచుండుటను చాలసేపు కనిపెట్టి చూచిన వరుని మేనత్త యొకతె మెల్లగా వచ్చి మా యింటిదాని ప్రక్కన కూర్చుండి, "ఈ రోజుల్లో చుక్క నీళ్ళయినా ముట్టకుండా ఇంత నిష్ఠగా ఉపవాసముండే ఆడపిల్లలున్నారా వదినగారూ! జాతకం ఉంటే పంపించండి, మా చిన్నవాడికి చూస్తున్నాం" అనెను.